యేసుదాసు గారి రెండో 'ఏంటీ?'

రేపల్లెలో యేసుదాసు గారికి ఏ మాటనైనా ఒక్కసారే చెప్పి బయటపడ్డవాడు లేడు. ఎవరేం చెప్పినా ఆయన చెయ్యి కుడిచెవి వెనక్కి వెళ్ళేది, మెడ కాస్త ముందుకొచ్చేది, "ఏంటీ?" అనేవారు. గొంతు పెంచి రెండోసారి చెబితేనే ఆ మాట చెల్లినట్టు.

ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యారు. తెనాలి రోడ్డు మీద అన్నేళ్ళు ఇంజను పక్కన కూర్చుని చెవులు పోగొట్టుకున్నారని ఊరు తీర్మానించింది. ఆయన కాదనలేదు. భార్య మంగాయమ్మ గారు ఇంటి ముందు గదిలో జాకెట్లు కుట్టేవారు. ఆవిడ మిషను పక్కనున్న స్టూలు ఆయనది. వాళ్ళ మేడ మీద అద్దెకుంటూ, రోజూ రైల్లో తెనాలి వెళ్ళి ఉద్యోగం చేసుకొచ్చేవాణ్ణి నేను.

చర్చిలో అయ్యగారు కీర్తన నంబరు చెప్పగానే ముందు బెంచీలోంచి "ఎంతండీ?" అని వినపడేది. కొన్నాళ్ళకి అయ్యగారికి అలవాటైపోయి అన్నీ రెండుసార్లు చెప్పడం మొదలుపెట్టారు. ఒక పెళ్ళిలో ప్రమాణాలు కూడా రెండుసార్లు చేయించారు. రెండోసారి పెళ్ళికొడుకు కాస్త ఆలోచించి చెప్పాడని చూసినవాళ్ళన్నారు.

జాకెట్టు కొలతలకొచ్చిన హైమావతి గారైతే మరీ ఇరుక్కుపోయారు. ఆవిడ మంగాయమ్మ గారి దగ్గరకు వంగి, కోడలి వంట గురించి గుసగుసగా ఏదో చెప్పారు. స్టూలు మీంచి "ఏంటీ?" వచ్చింది. చెప్పడం మొదలుపెట్టాక ఆపడం ఎలాగో తెలియక ఆవిడ అదే మాట గట్టిగా అనేశారు. అత్తగారిని తీసుకెళ్ళడానికి వచ్చిన కోడలు అప్పటికి స్కూటీ దిగి గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆ తర్వాత ఆ కొట్లో చాడీలు చెప్పడానికి ఎవరూ సాహసించలేదు.

ఒకరోజు యేసుదాసు గారు పెన్షను పని మీద బాపట్ల వెళ్ళారు. ఆయన లేనప్పుడు ఒక పెళ్ళివారొచ్చి పట్టు జాకెట్టుకి చేతులు పదహారంగుళాలని చెప్పి వెళ్ళారు. మంగాయమ్మ గారు ఆరుకే కత్తిరించేశారు. పెళ్ళి నాలుగు రోజుల్లోకి వచ్చింది, ఆ గుడ్డ మళ్ళీ దొరికేది కాదు. వాళ్ళు వీధంతా వినేలా అరిచి వెళ్ళారు. ఆవిడ మిషను మీద గుడ్డ కప్పేసి, కళ్ళు ఆనడం లేదు, ఇక కుట్టనన్నారు.

మర్నాడు యేసుదాసు గారు మేడెక్కి వచ్చి, తెనాలిలో చెవుల పరీక్ష ఎక్కడ చేస్తారని అడిగారు. ఇన్నాళ్ళకి బుద్ధి కలిగిందని సంతోషించాను. మంగాయమ్మ పిన్నిగారిని తోడు రమ్మని నేనే చెప్పాలట, తను చెబితే వినదట.

ముగ్గురం తెనాలి వెళ్ళాం. పరీక్ష చేసే మనీషా ఆయన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టింది. శబ్దం వినపడితే వేలెత్తమంది. ఆవిడ ఎంత తగ్గించినా ఆయన వేలు లేస్తూనే ఉంది. మిషను చెడిపోయిందనుకుని నన్ను కూర్చోబెట్టింది. చివర్లో శబ్దాలు నాకు వినపడనే లేదు.

"రైల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటారా అండి?" అని అడిగింది. రోజూ పెట్టుకుంటానన్నాను. రైలు చప్పుడు మీద వినపడాలని సౌండు పెంచి పెంచి చెవులు పాడుచేసుకుంటున్నానని, యేసుదాసు గారికి నాకన్నా బాగా వినపడుతోందని చెప్పింది. ఆయన నా వంక జాలిగా చూశారు.

తర్వాత మనీషా, మాట్లాడేవాళ్ళ పెదాలనే చూస్తూ కూర్చున్న మంగాయమ్మ గారి ఎదుటికెళ్ళి నిలబడింది. మిషను సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవాలి, మీరూ ఒకసారి కూర్చోండని బతిమాలింది. మిషను కోసం కదా అని ఆవిడ వెళ్ళారు.

తలుపు మూసుకున్నాక యేసుదాసు గారు నాతో మెల్లగా అన్నారు.

"పిన్నికి రెండేళ్ళ నుంచి సరిగ్గా వినపడట్లేదు కిరణూ. మళ్ళీ చెప్పమనడానికి సిగ్గు. ఒకరోజు ఎవరో విసుక్కుంటే అన్నం మానేసింది. ఆ అడిగేదేదో నేనే అడిగితే పోలా? ప్యాసింజర్ల చేత అన్ని తిట్లు తిన్నవాణ్ణి, నాకేం నొప్పి?"



మంగాయమ్మ గారికి రెండు చెవుల్లోనూ వినికిడి తగ్గిందని తేలింది. చిన్నప్పుడు చెవి కారుతుంటే వేడి నూనె పోసేవారట. ఇక నూనె, పిన్నీసు చెవి దగ్గరకు రానివ్వొద్దని, చెవి డాక్టరు ఒకసారి చూశాక వినికిడి మిషన్లు పెట్టుకోవచ్చని మనీషా చెప్పింది. అవి పెట్టుకుంటే జనం చెవిటిదంటారని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"ఇన్నాళ్ళూ నన్నన్నారుగా," అన్నారాయన. "నేనేమన్నా చిక్కిపోయానా?"

ఆయన బొజ్జ చూసి ఆవిడకి నవ్వాగలేదు.

వినికిడి మిషన్లు వచ్చాక మొదట్లో ఆవిడ చాలా కష్టపడ్డారు. గిన్నెల చప్పుడు, ఆటో హారన్లు, పేపరు తిరగేసిన చప్పుడు కూడా నెత్తిన కొట్టినట్టుండేవి. రోజూ కాసేపు, మర్నాడు ఇంకాసేపు పెట్టుకుంటూ అలవాటు చేసుకున్నారు. కుట్టు మిషను మీద కప్పిన గుడ్డ తీశారు. కొలతలకొచ్చినవాళ్ళకి, అరవక్కర్లేదు, నా వైపు తిరిగి నిదానంగా చెబితే చాలని ఆవిడే చెప్పేవారు.

యేసుదాసు గారి చెవులు భేషుగ్గా ఉన్నాయన్న వార్త మాత్రం ఊళ్ళో కొందరికి నిద్ర లేకుండా చేసింది. ఆయన ఎదుటే ఎవరేమేం అనుకున్నారో ఇప్పుడు గుర్తొచ్చింది. ఒక సాయంత్రం మంగలి హనుమంతరావు వచ్చి నిలబడ్డాడు. క్షవరం చేస్తూ పక్కవాళ్ళతో ఆయన మీద ఏవో జోకులు వేశానని, మనసులో పెట్టుకోవద్దని నీళ్ళు నమిలాడు.

యేసుదాసు గారు తీరిగ్గా ఆలోచించారు.

"నువ్వేమన్నావో నాకేం వినపడలేదయ్యా," అన్నారు.

హనుమంతరావు ముఖం తేటపడింది. దణ్ణం పెట్టి కదిలాడు.

మంగాయమ్మ గారు కుట్టు మిషను ఆపకుండానే, "ఇంటికొచ్చి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పి పడీ పడీ నవ్వారుగా?" అన్నారు.

"మెల్లగా. ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు."

ఆవిడ గొంతు తగ్గించారు. తన గొంతు ఎంత పెద్దదో ఇప్పుడు ఆవిడకి తెలుస్తోంది.