కాలు పెడితే ఒకటి, పడితే ఐదు

ఆ రోజు బండి స్టార్ట్ కాలేదు. కిక్ రాడ్ మీద కుడికాలు పెట్టి గట్టిగా తొక్కాననే అనుకున్నాను. రాడ్ సగంలో ఆగిపోయింది. మళ్ళీ తొక్కినా అంతే. నాకు కాలి మీద అనుమానం రాలేదు. మెకానిక్‌ను కదా, అనుమానమంతా బండి మీదికే పోయింది. పిస్టన్ పట్టేస్తోందేమోనని కోరుట్లలోని నా షెడ్డులో ఇంజన్ హెడ్డు విప్పుకుని కూర్చున్నాను. లోపల అన్నీ శుభ్రంగా ఉన్నాయి. బిగించి తొక్కితే మళ్ళీ అదే కథ.

ఇంటర్ చదువుతున్న నా బిడ్డ సరిత కాలేజీ నుంచి వచ్చి, పుస్తకాలు బల్ల మీద పడేసి, "జరుగు బాపు" అని ఒక్క తన్ను తన్నింది. బండి వెంటనే అందుకుంది.

నాకు కడుపు మండిపోయింది. నాలాంటి రోగుల కోసం జబ్బు సంగతి రాయమంటే అసూయ సంగతి రాస్తున్నాడేమిటి అనుకుంటారేమో. నాకు ఆ రెండూ ఒకే రోజు మొదలయ్యాయి. వాటిలో ఒకటి ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు.

ముందు ఆ బండి గురించి కొంచెం చెప్పాలి. కాలువ పనుల కోసం వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు పోతూ పోతూ వదిలేసిన మోటారు సైకిల్ అది. సన్నని సీటు, పైకెత్తి కట్టిన సైలెన్సర్, రాళ్ళను పట్టుకునే టైర్లు. పాత ఇనుప సామాను కొట్లో తుప్పు పట్టి ఉంటే తెచ్చుకున్నాను. సరితకు అప్పుడు పన్నెండేళ్ళు. నా వేళ్ళు దూరని చోటికి తన వేళ్ళు దూరేవి. క్లచ్ ప్లేట్లకు బెండు ముక్కలు తనే కోసింది, మాగ్నెటో పాయింట్లు తనే రుద్దింది. పళ్ళ చక్రాలు మెట్‌పల్లిలో లేత్ మీద చేయించాం. రెండేళ్ళు పట్టింది బండి ఊపిరి పోసుకోవడానికి.

దాన్ని ట్రయల్స్ బండి అంటారని, దాని ఆటే వేరని ఆ ఇంజనీరు దగ్గర పనిచేసిన డ్రైవరు చెప్పాడు. వేగంతో పనిలేదు. బండల మీద, వాగులో, బురదలో కాలు కింద పెట్టకుండా నడపాలి. అసలు కాలు పెట్టకపోతే జీరో. ఒకసారి పెడితే ఒక తప్పు, రెండుసార్లయితే రెండు, మూడుసార్లయితే మూడు. ఆ తర్వాత ఎన్నిసార్లు పెట్టినా మూడే. పడిపోతే మాత్రం ఐదు. ఊరవతల ఎండిన వాగులో ప్రతి ఆదివారం మేమిద్దరం ఆడేవాళ్ళం. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు లెక్కపెట్టేవాళ్ళం. నాకు ఎప్పుడూ జీరో రావాలి. బిడ్డకు ఒకటో రెండో వస్తే "చూసినవా, మీ బాపు సంగతి" అని మీసం దువ్వుకునేవాణ్ని.

అవి అన్నలకూ పోలీసులకూ నడుమ జనం నలిగిపోయిన రోజులు. బండి ఉన్నవాడికి రెండు వైపులా భయమే. మా బండిని వాళ్ళూ ఒకసారి అడిగి తీసుకుపోయారు, వీళ్ళూ ఒకసారి తీసుకుపోయారు. కిక్ కొట్టే తీరు తెలియకపోతే ఆ రాడ్ తిరిగి పిక్క మీద తన్నేది. ఇద్దరూ కుంటుకుంటూ తెచ్చి ఇచ్చేశారు.

సరే, జబ్బు. అంతకు కొన్నాళ్ళ ముందు జ్వరం, లూజ్ మోషన్స్ వచ్చి తగ్గాయి. బండి స్టార్ట్ కాని ఆ సాయంత్రం అరికాళ్ళు తిమ్మిరెక్కాయి. పొద్దున మంచం దిగబోతే మోకాళ్ళు నిలవలేదు. ఆ మరునాటికి చేతులు కూడా లేవలేదు, గొంతు సన్నబడింది. మా ఊరి డాక్టరు మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టి చూసి, "రిఫ్లెక్సులు లేవు. ఇది కింది నుంచి పైకి పాకుతున్న పెరాలిసిస్. ఛాతీకి రాకముందే జగిత్యాల పెద్ద దవాఖానకు తీసుకుపోండి" అన్నాడు.

ఆ రోజు బంద్. దారి పొడుగునా చెట్లు నరికి పడేశారని కబురు. బస్సుల్లేవు. జీపుల వాళ్ళు తలుపు తీసి మాట్లాడనే లేదు. సరిత బండి బయటికి తీసింది. మా ఆమె లక్ష్మి పాత చీరతో నన్ను బిడ్డ నడుముకు కట్టింది. సీటు వెనక గోనెసంచి మడిచి వేసి, దాని మీద నన్ను కూర్చోబెట్టారు.

"పైలం బిడ్డా. దమ్ము ఆడుతుందో లేదో సూసుకుంట పో" అంది లక్ష్మి.

చెట్లు అడ్డం వచ్చిన చోటల్లా సరిత రోడ్డు దిగింది. పొలం గట్లు, మక్క చేన్ల నడుమ దారి, ఆ తర్వాత వాగు. వాగులో నీళ్ళున్నాయి, పాచి పట్టిన బండలున్నాయి. నా తల తన భుజం మీద వాలిపోయి ఉంది. నిలువెత్తు మనిషిని వీపున కట్టుకుని, క్లచ్ సగం పట్టి, ఒక బండ మీది నుంచి ఇంకో బండ మీదికి బండిని ఎక్కించింది. కాలు కింద పెట్టలేదు. నీళ్ళున్న వాగును నేను ఒంటరిగా కూడా అట్లా దాటలేదు. ఊపిరి అందక గిలగిలలాడుతున్నా నాకు కనిపించింది అదే. నన్ను బతికించడానికి తీసుకుపోతున్న బిడ్డ మీద నేను కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. అది జీరో అని నాకు తెలుసు. తనకు చెప్పలేదు. చెప్పడానికి గొంతు లేదన్నది నిజమే గానీ, ఉన్నా చెప్పేవాణ్ని కాదు.

జగిత్యాల పొలిమేరలో పోలీసులు ఆపారు.

"ఎవడు వీడు? ఎందుకు కట్టేసినవ్?"

"మా బాపు సార్. కాళ్ళు చేతులు పడిపోయినయ్. కట్టకుంటె జారిపోతడు."

ఒకతను నా చెయ్యి ఎత్తి వదిలాడు. అది తొడ మీద పడింది. పొమ్మన్నాడు. ఆగినప్పుడు సరిత కాలు కింద పెట్టింది కదా, నేను మనసులో "ఒకటి" అనుకున్నాను. అంత కష్టంలోనూ కాస్త కడుపు చల్లబడింది.

జగిత్యాలలో ఆక్సిజన్ పెట్టి, సాయంత్రం దారి తెరుచుకోగానే అంబులెన్సులో హైదరాబాద్ పంపారు. అక్కడ లంబార్ పంక్చర్ చేసి వెన్నులోంచి నీరు తీశారు. కాళ్ళకూ చేతులకూ కరెంటు పెట్టి నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. "జీబీ సిండ్రోమ్" అనే నరాల జబ్బు అన్నారు. ఆ రాత్రే వెంటిలేటర్ మీద పెట్టారు. తర్వాత రక్తంలోని ప్లాస్మాను తీసి మార్చే ప్లాస్మా ఎక్స్ఛేంజ్ జరిగింది. నేను మెకానిక్‌నని తెలుసుకున్న న్యూరాలజీ డాక్టరు ఒకరోజు మంచం పక్కన నిలబడి, "మీ వైర్లు కాలిపోలేదు. పైనున్న రబ్బరు తొడుగు ఊడింది. మళ్ళీ వస్తుంది. తొందరపెడితే రాదు" అన్నాడు.

వెంటిలేటర్ తీసేసి వార్డులోకి మార్చాక నాకు చేసే పనేమీ లేదు, కుళ్ళుకోవడం తప్ప. పక్క మంచం మీది ఆయనకూ అదే జబ్బు. ఆయన బొటనవేలు నాకంటే ముందు కదిలింది. వాళ్ళింటి వాళ్ళు వార్డంతా మిఠాయి పంచారు. నా వంతు నేను ముట్టలేదు. లక్ష్మి ఏ ఆలోచనా లేకుండా లేచి నడిచిపోయి నీళ్ళు తెచ్చేది. మనిషి అంత సులువుగా ఎట్లా లేస్తాడో అని చూస్తూ ఉండేవాణ్ని.

డిశ్చార్జ్ చేసి, "ఫిజియోథెరపీ రోజూ చేయాలి" అన్నారు. సిరిసిల్లలో మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. వీధి పొడుగునా పవర్‌లూమ్‌లు చప్పుడు చేస్తున్నా, మా ఇంట్లో ఒక మూల అమ్మ గుంట మగ్గం ఇంకా ఉండేది. గుంటలో కాళ్ళు దించి, కింది చెక్కలు ఒకదాని తర్వాత ఒకటి తొక్కితే దారాలు విడిపోతాయి. "ఉత్తగ కాళ్ళు ఊపుడెందుకు కొడుకా, గిది తొక్కు" అని అమ్మ నన్ను అందులో కూర్చోబెట్టింది. ఫిజియోథెరపిస్టు చూసి సరేనన్నాడు. కుడికాలు త్వరగానే అందుకుంది. ఎడమ పాదం మాత్రం వేలాడుతూనే ఉంది. అది ఫుట్ డ్రాప్ అన్నారు. పాదానికి స్ప్లింట్ వేసి, చేతికి వాకర్ ఇచ్చారు.

సరిత ఆదివారాలు కోరుట్ల నుంచి బండి మీద వచ్చేది. ఎల్లంతకుంట వైపు గుట్టల్లో కొత్త దారి కనిపెట్టానని, ఇంత ఎత్తు బండ ఎక్కానని చెప్పేది. నేను గోడ వైపు తిరిగేవాణ్ని. ఒకసారి కిటికీలోంచి చూస్తే బండి హ్యాండిల్ కిందికి దిగి ఉంది. అది నా చేతుల కొలతకు నేను పెట్టుకున్న ఎత్తు.

"హ్యాండిల్ ఎవలు దించిన్రు?"

"నేనే బాపు. నా చేతులకు అందుతలేదు."

"నన్ను అడిగినవా?"

నేనిక లేవనని తేల్చేసుకున్నారనిపించింది. నా బండి, నా వాగు, నా జీరో అన్నీ తనవైపోయాయి. ఆ వారమంతా సరిగా అన్నం తినలేదు.

మళ్ళీ ఆదివారం వీధి చివర బండి చప్పుడు వినగానే స్ప్లింట్ విప్పేశాను. వాకర్‌ను మగ్గం వెనక దాచాను. గడప దాకా ఉత్త కాళ్ళతో నడిచి, బిడ్డకు ఎదురుగా నిలబడాలని నా పంతం. వాకర్ పట్టుకోవడమంటే నా లెక్కలో కాలు కింద పెట్టడమే. నాలుగు అడుగులు వేశాను. అయిదోదానికి ఎడమ పాదం గడపకు తట్టుకుంది. సరిత బండి దిగే సరికి నేను వాకిట్లో బోర్లా పడి ఉన్నాను. కుడి మణికట్టు విరిగింది.

పిండికట్టు వేస్తూ డాక్టరు నిలదీశాడు. "వాకర్ ఎందుకు వదిలారు? ఇప్పుడు ఆ చేత్తో వాకర్ కూడా పట్టుకోలేరు. చేజేతులా వెనక్కి పోయారు."

తల కొట్టేసినట్లయింది. ఇంటికి వచ్చాక సరిత వెతికి, మగ్గం వెనక నుంచి వాకర్ తెచ్చి నా మంచం పక్కన పెట్టింది.

"ఇయ్యాల నీకెంత బాపు?" అంది.

నాకు అర్థం కాలేదు.

"పడ్డవ్ గద. ఐదు. వాకర్ పట్టుకొని రావు, గోడ పట్టుకొని రావు, నాయినమ్మ భుజం పట్టుకొని రావు. ఎన్నిసార్లు పట్టుకున్నా మూడే గద. మూడు దాటినంక లెక్క లేదని నువ్వే చెప్పినవ్. నీకు జీరో తప్ప ఇంకేం కానరాదు. నేను నీ జీరో గుంజుకోలే బాపు. నువ్వు వాగు దాటాలె, అంతే."

ఆ మాటలకు కూడా నాకు ముందు అసూయే కలిగింది. నేను చెప్పిన రూలు నాకంటే బాగా అర్థం చేసుకుంది. ఆ తర్వాత ఏడుపు వచ్చింది. పిండికట్టు విప్పిన మరునాడే వాకర్ పట్టుకున్నాను. మళ్ళీ దాచలేదు.

వాకర్ పోయి కర్ర వచ్చింది, కర్ర కూడా పోయింది. ఎడమ పాదానికి స్ప్లింట్ ఇప్పటికీ ఉంది. కోరుట్ల షెడ్డులో రోజూ పనిచేస్తున్నాను. సరిత ఇప్పుడు జగిత్యాలలో కాలేజీ పిల్లలకు ఇంజన్లు చెప్తోంది. హ్యాండిల్ తన ఎత్తులోనే ఉంది. నేనే కాస్త వంగి పట్టుకుంటాను.

కాళ్ళు బలహీనపడిన వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. డాక్టరు వాకర్ ఇస్తే వాకర్, స్ప్లింట్ ఇస్తే స్ప్లింట్, ఆయన వద్దనేదాకా వదలకండి. ఎవరైనా చూస్తున్నారని అసలే వదలకండి, ముఖ్యంగా సొంత పిల్లలు చూస్తున్నప్పుడు.

పోయిన ఆదివారం మా వాగుకు వెళ్ళాం, ఈసారి అందులో నీళ్ళున్నాయి. సరిత ముందు దాటింది. జీరో. నా కడుపు ఎప్పటిలాగే మండింది. తర్వాత నేను బండెక్కి, రెండు కాళ్ళూ నీళ్ళలో ఈడ్చుకుంటూ, బండ బండకూ ఆనించుకుంటూ, రొప్పుతూ అవతలి గట్టు చేరాను.

"ఎంత?" అని అడిగాను.

"మూడే బాపు" అంది.