రద్దు బటన్‌పై నా నివేదిక

2011 జూన్‌లో నన్ను హైదరాబాదు నుంచి మహబూబాబాద్ డివిజన్‌కు అసిస్టెంట్ ప్రోగ్రామర్‌గా బదిలీ చేశారు. అప్పటికి మహబూబాబాద్ వరంగల్ జిల్లాలో ఒక రెవెన్యూ డివిజన్ మాత్రమే. మా శాఖలో రెండు రకాల ప్రోగ్రామర్లు ఉండేవారు. రాష్ట్ర కార్యాలయంలో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసేవారు ఒకరు. దాన్ని మండలాలకు మోసుకెళ్లి, కంప్యూటర్లలో ఎక్కించి, ఆపరేటర్లకు నేర్పేవారు మరొకరు. రెండోవారికి గౌరవం తక్కువ. పదకొండేళ్లు మొదటి వరుసలో ఉన్న నేను రెండో వరుసలోకి వచ్చాను. మాది జనగామ. ఇంటికి దగ్గరయ్యానని మా అమ్మ సంతోషించింది. నేను సంతోషించలేదు.

చేరిన వారానికే నా బల్ల మీదికి ఒక ఫైలు వచ్చింది. డివిజన్‌లోని ఒక మండల కార్యాలయంలో దరఖాస్తుల కౌంటర్ దగ్గర జమున అనే కాంట్రాక్టు ఆపరేటర్ పనిచేస్తోంది. ఆమె చేతికిచ్చిన పింఛను దరఖాస్తులు కొన్ని కంప్యూటర్లో లేవు. జనం చేతుల్లో రసీదులున్నాయి, లోపల నమోదు లేదు. ఆపరేటర్ నిర్లక్ష్యమే కారణమని సాంకేతిక సిబ్బంది ధ్రువీకరించాలి. ఆ తర్వాత ఆమె కాంట్రాక్టు తీసేస్తారు. ధ్రువీకరణ వాక్యం కూడా ఎవరో ముందే టైపు చేసి పెట్టారు. కింద నా సంతకం ఒక్కటే తక్కువ.

సంతకం చేసే ముందు కౌంటర్ చూడాలనుకుని వెళ్లాను. గేటు పక్కన ప్రత్యేక రాష్ట్రం కోసం రిలే దీక్షల డేరా, మైకు, నినాదాలు. లోపల జమున ఎదుట చాందీ అనే ముసలావిడ నిలబడి ఉంది. గార్ల వైపు తండాలో పుట్టి, ఈ మండలంలోని తండాకు కోడలిగా వచ్చి, ఇక్కడే భర్తను పోగొట్టుకున్న మనిషి. చేతిలో మూడు రసీదులున్నాయి.

"మూడు మాట్ల ఇచ్చిన బిడ్డా. గీ డబ్బ నా కాయితం తింటున్నదా ఏంది?" అని ఆమె కంప్యూటర్‌ను చూపించి నన్ను అడిగింది.

జమునదీ తండానే. ఆమె చాందీకి తమ ఇంటి భాషలో ఏదో సర్దిచెప్పి, నా వైపు తిరిగింది. "నేను తీసెయ్యలే మేడం. అది అడుగుతది, నేను జవాబు చెప్త, పోతది."

ఆమె చెప్పింది నాకు అర్థం కాలేదు. కుర్చీ లాక్కుని వెనక కూర్చున్నాను. నాలుగు రోజులు అట్లాగే కూర్చున్నాను. మా వృత్తిలో దీనికి పెద్ద పేర్లున్నాయి గాని, చేసే పని ఒక్కటే. మనిషి చెయ్యి ఎక్కడ ఆగుతుందో రాసుకోవడం.

జమున చెయ్యి రోజూ ఒక్కచోటే ఆగేది. దరఖాస్తుకు ఏడు పేజీల ఫారం. మొదటి పేజీ నింపగానే రసీదు అచ్చయ్యేది. తర్వాత పేరులో తప్పు కనిపించి వెనక్కి వెళ్లబోతే ఒక చిన్న పెట్టె తెరుచుకునేది. "నమోదును రద్దుపరచవలెనా?" అని ప్రశ్న. కింద రెండు బటన్లు: "సరే", "రద్దు". రద్దు చేయొద్దనుకునేవాళ్లు "రద్దు" నొక్కాలి! జమున ఆ మాట చూసి భయపడి "సరే" నొక్కేది. నమోదు తుడిచిపెట్టుకుపోయేది. ఆ సంగతి తెర చెప్పేది కాదు. మిగతా పేజీలను ఏమీ జరగనట్టే నింపనిచ్చేది. దీనికి తోడు కరెంటు పోతే అప్పటిదాకా రాసింది మొత్తం పోయేది. ఊళ్ల జాబితాలో తండాల పేర్లే లేవు.

ఆ ఫారం గీసిన బృందంలో నేనూ ఉన్నాను. ఆ పెట్టె నేను రాసింది కాదు, కాని పరీక్షించి బాగుందని సంతకం పెట్టినవాళ్లలో ఒకదాన్ని.

ఫైలులో ఉన్న వాక్యం కొట్టేసి, తప్పు తెరదే, మనిషిది కాదని మూడు పేజీల నివేదిక రాశాను. రాష్ట్ర కార్యాలయం నుంచి ఫోనులో జవాబు వచ్చింది: సాఫ్ట్‌వేర్ రాష్ట్రమంతా నడుస్తోంది, ఆపరేటర్‌కు శిక్షణ ఇవ్వండి. అదే రోజు కార్యాలయ సూపరింటెండెంట్ జమునను పిలిచి, క్షమాపణ రాసిస్తే ఉద్యోగం ఉంచుతామన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"తప్పు నాది కాకపాయె. మాఫీ ఎందుకు రాస్త సార్? తీసేస్తే తీసెయ్యుండ్రి" అంది జమున. ఇద్దరు పిల్లల తల్లి. ఇంట్లో ఆమెదొక్కటే జీతం.

ఆ మాట విన్నాక నేను నివేదికతో ఆగడం సిగ్గుచేటనిపించింది. ఫారం మళ్లీ గీశాను. తెర మీద ఏ మాట పెట్టాలో జమున పక్కన కూర్చుని చెప్పింది. ఏడు పేజీలు ఒక్క తెరలోకి వచ్చాయి. ఒక గడి దాటి ఇంకో గడిలోకి పోగానే రాసింది దానంతటదే భద్రమయ్యేట్టు చేశాను. రసీదు చివరన వచ్చేది. "నివాస ప్రాంతము" అన్నచోట "ఏ ఊరు? ఏ తండా?" అని పెట్టాము. "తండ్రి/భర్త నామధేయము" అన్నచోట "నాయిన లేకుంటే పెనిమిటి పేరు". ఆ చిన్న పెట్టె ఇప్పుడు "రాసింది తుడిపెయ్యాల్నా?" అని అడిగేది. బటన్లు "తుడిపెయ్యి", "ఉండనియ్యి". అనుమతి లేకుండానే ఈ ఫారాన్ని మూడు కౌంటర్లలో ఎక్కించాను. అందులో ఒకటి మా డివిజన్ దాటి భూపాలపల్లి దగ్గర, రేగొండ వైపు. చాందీ నాలుగో దరఖాస్తు ఈ తెర మీదే ఎక్కింది. ఈసారి నిలిచింది.

నెల తిరక్కుండా హైదరాబాదులో సమీక్షకు పిలిచారు. జాయింట్ డైరెక్టర్ నా తెరను గోడ మీద వేయించి, ఒక్కొక్క మాటా సాగదీసి చదివాడు. హాలంతా నవ్వింది. "ఇది సాఫ్ట్‌వేరా, సినిమాలో కమెడియన్ డైలాగా?" అన్నాడు. ఇంకాస్త నవ్వు. "బయట డేరాల్లో అరిచేదంతా కంప్యూటర్లోకి తెచ్చారా?"

ఆ హాలులో పదకొండేళ్లు నేను పుస్తకాల తెలుగే మాట్లాడాను. నా యాస ఇంటి దగ్గర వదిలిపెట్టి వచ్చేదాన్ని. ఆ రోజు అక్కర్లేదనిపించింది.

"సార్, నా మాటలు తర్వాత చూద్దాం. మీ పెట్టెల రెండు బటన్లున్నయి. సరే, రద్దు. దరఖాస్తు ఉండాల్నంటే ఏది నొక్కాలె? తెర చూడకుండ చెప్పుండ్రి" అన్నాను.

"ఉండాలంటే సరే నొక్కాలి. అంతే కదా!" అన్నాడాయన.

"పోయింది సార్. జమున గూడ గదే నొక్కింది. ఆమెను తీసేస్తున్నరు. మరి మిమ్మల్ని?"

ఆయన మొహం ఎర్రబడింది. వెనక వరుసలోని ఒక సీనియర్ ప్రోగ్రామర్, ఆ పెట్టె రాసింది తానేనని, అది తప్పేనని లేచి చెప్పాడు. అది నేను ఊహించలేదు.

రెండు ఉత్తర్వులు వచ్చాయి. మొదటిదాని ప్రకారం కొత్త తెరను అన్ని కౌంటర్లలో పెట్టాలి, కాని మాటలు మళ్లీ పుస్తకాల తెలుగులోకి మార్చి. జమున మీద చర్య కూడా విరమించాలి. రెండో ఉత్తర్వు నా పేరు మీద మెమో: అనుమతి లేకుండా ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ మార్చినందుకు, అందులో ప్రాంతీయ భావాలు చొప్పించినందుకు సంజాయిషీ ఇవ్వాలి. మొదటి ఆరోపణ ఒప్పుకున్నాను. రెండోదానికి, వాడేవారికి అర్థమయ్యే మాట పెట్టడం నా వృత్తి అని ఒక్క వాక్యం రాశాను. సర్వీసు రిజిస్టర్లో అభిశంసన నమోదు చేశారు. శిక్షల్లో అది చిన్నదే, కాని ప్రమోషన్ రెండేళ్లు వెనక్కి పోయింది.

మాటలు వాళ్లు చెప్పినట్టే మార్చాను. కాకపోతే తెర మీది మాటలన్నిటినీ ప్రోగ్రాం లోపల పెట్టలేదు. పక్కన ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో పెట్టాను. ఆ ఫైలు తెరిచి మాట మారిస్తే తెర మీద మారుతుంది. ఎట్లా మార్చాలో వాడుక పుస్తకంలో రెండు పేజీల్లో దాపరికం లేకుండా రాశాను. హైదరాబాదులో ఆ పుస్తకాన్ని ఆమోదించి ముద్ర వేశారు. చదివినట్టు లేదు.

కౌంటర్లలో చదివారు. వారం తిరక్కముందే రేగొండ వైపు ఆపరేటర్ ఫోను చేసి "ఏ ఊరు" మళ్లీ పెట్టుకున్నానని చెప్పాడు. జమున ఇంకొంచెం ముందుకు పోయింది. తండాల నుంచి వచ్చేవాళ్ల కోసం తమ ఇంటి భాష మాటలతో వేరే ఫైలు చేసుకుంది. తెర తిప్పి చూపించి, వాళ్లతో చదివించి, తర్వాతే రసీదు ఇచ్చేది. ఆ ఏడాది చివరికి చాందీకి పింఛను మంజూరైంది.

రాష్ట్రం వచ్చాక, అభిశంసన తీసేయమని అర్జీ పెట్టుకోమని ఇద్దరు అధికారులు సలహా ఇచ్చారు. పెట్టలేదు. చేసిన పనికే అది రాశారు, ఆ పని నేను చేశాను.

నేర్చుకున్నది ఇది. ఒకే తప్పు ఒకే చోట మళ్లీ మళ్లీ జరుగుతుంటే, ముందు తెరను అనుమానించాలి, దాని ముందు కూర్చున్న మనిషిని కాదు. బటన్ మీద చేయబోయే పని పేరే రాయాలి, వాడేవారి మాటలోనే రాయాలి. తప్పు మనదైతే ఆ నివేదిక మీద కూడా మనమే సంతకం పెట్టాలి.