హార్న్ మోగినా ఆగని పాఠం

పదకొండింటి రైలు మాచర్ల స్టేషన్లోకి వస్తూ హార్న్ కొడితే మా కాలేజీ కిటికీలు ఇప్పటికీ అదురుతాయి. చాక్‌పీసు పట్టుకుని నేనూ ఆగిపోతాను. ఆ గోలలో పాఠం చెప్పడం దండగని ఇక్కడి లెక్చరర్లందరికీ తెలుసు. ఆగనివారిని ఒక్కరినే చూశాను, సుబ్బరామయ్య మాస్టారిని.

ఆయన ఇంగ్లీషు విభాగానికి పెద్ద. నేను చేరి అప్పటికి మూడు నెలలు. ప్రిన్సిపాల్ ఒకరోజు పిలిచి, "మాస్టారికి చెవుడొచ్చిందంటన్నారు. ఆయన క్లాసులో వెనక కూర్చుని చూసి రాసియ్యి. నిజమైతే ఈ నెలతో సరి," అన్నారు. మాస్టారి రిటైర్మెంటుకు ఏడాదే ఉంది. తర్వాత ఆ కుర్చీ ఎవరిదో ప్రిన్సిపాల్ చెప్పలేదు. విభాగంలో ఉన్నది మాస్టారూ నేనూ ఇద్దరమే.

ఆ రోజు పాఠం హియర్‌కీ లిజన్‌కీ తేడా. తెలుగులో రెండూ వినడమే. "హియర్ చెవి పని. వద్దన్నా వచ్చి పడుద్ది. లిజన్ మనిషి పని. అందుకే దానెనక 'టు' ఉంటది, మనమే అటు పోవాల. ఐ యామ్ లిజనింగ్ టు యూ అనొచ్చు. ఐ యామ్ హియరింగ్ యూ అనమాకండి," అన్నారు మాస్టారు. "మీ నాన్న తిట్లు రోజూ హియర్ చేస్తన్నారు. లిజన్ చేసుంటే ఈ కాలేజీలో ఎందుకుంటారు?" క్లాసు నవ్వింది. అప్పుడే హార్న్ మోగింది. ఆయన చెబుతూనే ఉన్నారు. ఆయనకు చెవుడు నిజమేనని నా అనుమానం తీరిపోయింది.

ఇంతలో దుర్గి నుంచి వచ్చే అమ్మాయి లేచి ఏదో అడిగింది. మాస్టారు ముందు బెంచీ కుర్రాణ్ణి లేపి, "ఏమడిగిందో నీ మాటల్లో చెప్పు," అన్నారు, వాడి పెదవులనే చూస్తూ. వాడేదో చెప్పాడు. "నేనడిగింది అది కాదు సార్!" అంది అమ్మాయి. ఇంకొకడు లేచి సరిగ్గా చెప్పాకే జవాబొచ్చింది. ఆయన క్లాసులో అదే రూలట. నా క్లాసులో ఎవరైనా ప్రశ్న అడిగితే పక్కవాడికి కూడా తెలిసేది కాదు.

బయటికొచ్చాక నా చేతిలో కాగితం చూసి, "ఏం రాశావయ్యా?" అన్నారు మాస్టారు.

"ఇంకా రాయలేదు మాస్టారూ!" అన్నాను, నోరు బాగా తెరిచి.

"అరవమాక. నిదానంగా చెప్పు, చాలు," అని నవ్వారు.

రిపోర్టులో ఒకటే వాక్యం రాశాను: విద్యార్థులు అడిగిన ప్రతి ప్రశ్నకూ సరైన జవాబు వచ్చింది. ప్రిన్సిపాల్ రెండుసార్లు చదివి, "నేనడిగింది ఇది కాదు గదయ్యా," అన్నారు.

"నేను చూసింది ఇదే సార్," అన్నాను.

మాస్టారు ఆ ఏడాది పూర్తిచేసి దండలతో వెళ్ళారు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టిదని నేను కూర్చున్నాక తెలిసింది.

ఇప్పుడు నా క్లాసులోనూ ఒకరు ప్రశ్న అడిగితే ఇంకొకరు దాన్ని తిరిగి చెప్పాలి. మొన్న వెనక బెంచీలో ఒకడు, "పాపం, సారుకి చానా చెవుడురా," అన్నాడు. నాకు స్పష్టంగానే వినపడింది. నిజం తెలిస్తే ఒకరి ప్రశ్న ఒకరు వినడం మానేస్తారేమోనని సరిదిద్దలేదు.