తనిఖీ రోజు నాలుగో మంచం

ట్రంకు పెట్టె ఒకటి. పరుపు చుట్ట ఒకటి. ఇనుప మగ్గు ఒకటి. బెంగళూరు కంటోన్మెంట్ స్టేషన్, ఉదయం ఆరూ నలభై. జూన్ నెల, సన్న జల్లు. తొంభైల మధ్య కాలం. పంజాబ్ ఎండలోంచి దిగినవాణ్ణి, ఆ జల్లుకే జలుబు పట్టింది. నర్సుగా చేరాల్సినవాణ్ణి పేషెంటుగా రిపోర్టు చేశాను.

నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుని. ఎన్ని యుద్ధాలు చూశావని ఎవరైనా అడిగితే మాట మారుస్తాను. గుండెధైర్యం ఉన్నవాళ్ళని సరిహద్దుకి పంపారు, గుండెజబ్బు ఉన్నవాళ్ళ దగ్గరికి నన్ను పంపారు. నేను పొడిచిన పోట్లన్నీ వెనకనుంచే. అవీ డాక్టరు రాసిచ్చినవే.

మిలటరీ ఆసుపత్రి, పేరు వద్దు. గుండె వార్డులో ఎనిమిది మంచాలు, రెండు మానిటర్లు. ఒకటి పనిచేసేది. రెండోది పనిచేస్తున్నట్టు కనబడేది, నాలాగే. మంచం తలవైపు ఎత్తాలంటే కాళ్ళ దగ్గర ఉన్న హ్యాండిల్ తిప్పాలి. పన్నెండు చుట్లు.

వార్డు నడిపేది నర్సింగ్ ఆఫీసర్ కెప్టెన్ మేడమ్, కేరళ ఆవిడ. మాకంతా హిందీలోనే నడిచేది, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మొదటి రోజే పాఠం చెప్పింది.

"మిషను తర్వాత చూడు. ముందు మనిషిని మాట్లాడించు. ఒక్క ఊపిరిలో ఎన్ని మాటలంటాడో లెక్కపెట్టు. పది అంటే మంచిది. అయిదు అంటే నన్ను పిలు. మూడు అంటే పిలవకు."

"పిలవకూడదా మేడమ్?"

"ముందు కూర్చోబెట్టు. ఆక్సిజన్ పెట్టు. అప్పుడు పిలు. గుండె తోడలేకపోతే నీళ్ళు ఊపిరితిత్తుల్లో నిండుతాయి. వెల్లకిలా పడుకున్నవాడు తన నీళ్ళలో తనే మునుగుతాడు. మనిషిని కూర్చోబెట్టడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు, అర్థమైందా?"

అర్థమైంది. అర్థం కావడంలో నేనెప్పుడూ ఫస్టే.

నవంబరులో నాలుగో మంచానికి ఒక హవల్దార్ వచ్చాడు. గుండెపోటు. ముళబాగిలు పక్క పల్లె, తెలుగువాడే. మూడో రోజుకి కాస్త తేరుకున్నాడు. తలవైపు ఎత్తి ఉంచితే బాగానే ఉన్నాడు.

"ఏమప్పా, నా మాటలు లెక్కపెడ్తా ఉండావంట? మా ఇంటిదాన్ని కూర్చోబెట్టు, నీ లెక్క తప్పుతాది."

పదకొండు మాటలు, ఒక్క ఊపిరి. చార్టులో రాశాను.

ఆ సాయంత్రం ఆయన భార్య వచ్చింది. పుట్టిల్లు బెంగళూరులోనే బళేపేట, వాళ్ళన్నకి అక్కడ గాజుల అంగడి. చంకలో దిండు, దానికి పూల గలీబు.

"పండుకుంటే ఊపిరాడదంటాడు తమ్ముడూ. ఇంట్లో మూడు దిండ్లు ఏస్తాను. ఇది కూడా ఎయ్యప్పా, ఆయనకి అలవాటైన దిండు."

వేస్తానక్కా అన్నాను. ఆమె గేటు దాటగానే తీసి బీరువాలో పెట్టాను. మర్నాడు జనరల్ గారి తనిఖీ. పూల గలీబు రూల్సులో లేదు.

తనిఖీ అంటే ఏమిటో బయటివాళ్ళకి చెప్పాలి. ఉదయం ఆరు నుంచి ఫినాయిలు. మొదటి మంచం నుంచి ఎనిమిదో మంచం దాకా తెల్లదారం కట్టి లాగుతారు. దిండ్లన్నీ ఆ దారానికి ఆనాలి. దుప్పట్ల మడతలన్నీ ఒకే గీత మీద ఉండాలి. లేవలేని పేషెంటు పడుకునే అటెన్షన్‌లో ఉండాలి. మడమలు కలిపి, పిడికిళ్ళు మూసి, బొటనవేళ్ళు పైజామా కుట్టు మీద. నవ్వకండి. అప్పట్లో మాకు నవ్వు రాలేదు.

తొమ్మిదీ నలభైకి కెప్టెన్ మేడమ్‌ని గేటు దగ్గర స్వాగతానికి రమ్మన్నారు. వెళ్తూ నాతో అంది.

"నాలుగో మంచం దించొద్దు. ఎవరడిగినా నా ఆర్డరని చెప్పు."

తొమ్మిదీ యాభై. వార్డు సుబేదార్ సాబ్ దారం వెంట ఒక కన్ను మూసి చూశాడు.

"ఏయ్ కాంపౌండర్, ఆ నాలుగోది ఏంటి? పళ్ళ వరసలో పన్ను పొడుచుకొచ్చినట్టుంది. దించు."

"మేడమ్ ఆర్డర్ సాబ్."

"మేడమ్ గేటు దగ్గరుంది. నేనిక్కడున్నాను. అయిదు నిమిషాల పని."

నేను హవల్దార్ వైపు చూశాను. ఆయన వద్దంటే బాగుండునని. నిర్ణయం నాది కాకుండా పోతుందని.

"దించప్పా. జనరల్ సాబ్ ముందర ఒరిగి కూసుంటే ఏం మర్యాద?"

పన్నెండు చుట్లు తిప్పాను. దిండు దారానికి ఆనింది.

పది గంటలు. జనరల్ గారు రాలేదు. కమాండెంట్ గదిలో టీ.

"ఎట్లుందన్నా?"

"బాగనే ఉండాది, నువ్వు నిలబడు."

నాలుగు.

పదీ పద్దెనిమిది. పెదవులు కొంచెం బూడిద రంగు. హాలు చివర సుబేదార్ సాబ్.

"అన్నా?"

"ఏం కాదప్పా... పర్వాలేదు."

మూడు, అదీ మధ్యలో ఆగి. మూడంటే ఏం చెయ్యాలో నాకు తెలుసు. పేపరిచ్చి అడిగితే నూటికి నూరు రాసేవాణ్ణి. నేను మంచం కాళ్ళ దగ్గర అటెన్షన్‌లో ఉన్నాను. హ్యాండిల్ నా మోకాలికి తగులుతోంది. చల్లగా ఉంది.

పదీ ముప్పై రెండు. బూట్ల చప్పుడు. జనరల్ గారు, వెనక కమాండెంట్, ఆయన వెనక డాక్టరు మేజర్ సాబ్. మేజర్ సాబ్ జనరల్ గారి నడకనే చూస్తున్నాడు, ఎక్కడాగుతారో అని. ఆగింది నాలుగో మంచం దగ్గర.

"ఎలా ఉన్నావ్, జవాన్?"

"ఠీక్... సాబ్."

రెండు.

నుదుటి మీద చెమట. ఛాతీ ఎగసిపడుతోంది. దుప్పటి మీద మాత్రం ముడత లేదు. జనరల్ గారు కమాండెంట్ వైపు తిరిగారు.

"చూశారా, మంచంలో కూడా డిసిప్లిన్. ఇలా ఉండాలి."

నా భుజం తట్టి ముందుకెళ్ళారు. ఆ తట్టిన చోటు ఇప్పటికీ చలికాలం సలుపుతుంది. వాతం అంటాడు డాక్టరు. అలాగే అనుకుంటున్నాను.

పదీ ముప్పై ఆరు. జనరల్ గారు ఇంకా వరండాలోనే. సుబేదార్ సాబ్ కళ్ళతోనే "ఆగు" అన్నాడు. ఆగాను.

పదీ ముప్పై తొమ్మిది. హ్యాండిల్ తిప్పాను. ఏడో చుట్టుకి నోట్లోంచి గులాబీ రంగు నురగ వచ్చింది. దుప్పటి లాగేశాను. ఆక్సిజన్ పెట్టాను. అప్పుడు అరిచాను. అన్నీ వరస ప్రకారమే చేశాను, వేళ తప్ప.

వీడ్కోలు కోసం గేటు దగ్గరే ఉంచేసిన కెప్టెన్ మేడమ్ పరుగున వచ్చింది. మేజర్ సాబ్ వచ్చాడు. ఇంజెక్షన్లు పడ్డాయి. పదకొండూ పదికి ఆపేశాం.

మేడమ్ చేతులు కడుక్కుంటూ అడిగింది.

"ఎవరు దించారు?"

సుబేదార్ సాబ్ దారం చుట్టుకుంటున్నాడు.

"నేనే మేడమ్."

"ఆఖరున ఎన్ని మాటలు?"

"రెండు."

"రెండు విని నిలబడ్డావా?"

"అటెన్షన్‌లో ఉన్నాను మేడమ్."

"అతనూ ఉన్నాడు," అంది. కుళాయి కట్టేసింది. ఆ తర్వాత నాతో పని మాటలే మాట్లాడింది.

విచారణ జరగలేదు. తీవ్రమైన గుండెపోటు, మృతి అని రాశారు. అబద్ధం కాదు. ఆ ఏడాది తనిఖీలో మా వార్డుకి మొదటి స్థానం వచ్చింది. షీల్డు మానిటర్ మీద పెట్టారు, పనిచేయని దాని మీద.

మధ్యాహ్నం హవల్దార్ భార్య వచ్చింది. ఆయన సామాను నేనే అప్పగించాను. గడియారం, గడ్డం సామాను, పర్సు, దిండు.

"కష్టపడినాడా తమ్ముడూ?"

"లేదక్కా. మెదలకుండా ఉన్నాడు."

"దిండు ఏసినావా?"

"వేశానక్కా."

ఆమె దిండుని తిప్పి చూసింది. హవల్దార్ తలకి ఆముదం దట్టించే మనిషి. మా తెల్ల గలీబు మీద ఆయన తల ఆన్చినచోట అరచెయ్యంత మరక ఉండేది. పూల గలీబు ఉతికి తెచ్చినట్టే ఉంది. ఆమె నా మొహంలోకి చూసింది. దిండు చంకలో పెట్టుకుని బయట జల్లులోకి వెళ్ళింది.

ఇంకో రెండేళ్ళు అక్కడే పనిచేశాను. తర్వాత మరో రెండు పోస్టింగులు, ఆపైన పెన్షను. రెండు వేల సంవత్సరం దాటాక అదే ట్రంకు పెట్టెతో అదే స్టేషన్లో దిగాను. ఈసారి జలుబు చేయలేదు. బొమ్మనహళ్ళిలో ఇల్లు తీసుకున్నాం. హోసూరు రోడ్డు మీద ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చేరాను. కొత్తగా వచ్చిన నర్సమ్మాయిలకి మాటలు లెక్కపెట్టడం నేర్పుతాను.

"సార్, డాక్టర్ తిడితే?" అంటారు.

"ముందు మంచం ఎత్తండమ్మా, తర్వాత తిట్లు తినండి. తిట్లకి ఎవరూ చావలేదు. నన్ను చూడండి, ఎంత ఒళ్ళు చేశానో."

నవ్వుతారు. మంచిదే.

ఇంట్లో నేను దుప్పటి మడత పెట్టను. నా భార్య తిడుతుంది. "మిలటరీ మనిషంట, పక్క చూస్తే పందులు దొర్లినట్టుండాది," అని. తిట్టించుకుంటాను.

ఆమెకీ, ఈ అమ్మాయిలకీ, బళేపేట అక్కకీ చెప్పనిది ఒకటుంది. పదీ ముప్పై తొమ్మిదికి దుప్పటి లాగినప్పుడు ఆయనింకా ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. కళ్ళు నా మీదే ఉన్నాయి. రెండు చేతులూ మాత్రం పక్కలకే ఉన్నాయి. పిడికిళ్ళు మూసి, బొటనవేళ్ళు నీలం పైజామా కుట్టు మీద, సరిగ్గా.