కాల్పు చాలని గొర్రెల కాపరి

దెయ్యాన్ని చూశామనేవాళ్ళు మీకు చాలామంది తగిలి ఉంటారు. దెయ్యం నెత్తిన మొట్టికాయలు వేసి, దాని చేతికి బావగారి కెమెరా తగిలించి వచ్చినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. నవ్వుకోండి, మా అక్కకు మాత్రం గుర్తు చేయకండి.

తొంభైలలో సంగతి. మద్రాసు జార్జి టౌన్‌లో మాది కొలువు బొమ్మల అంగడి. బొమ్మను వేలి కణుపుతో కొట్టి, ఖంగుమంటే బాగా కాలిందనీ, బొద్దుమంటే పచ్చిదనీ చెప్పడం నాకు వచ్చిన ఏకైక విద్య. అడిగినా అడక్కపోయినా దాన్ని అందరికీ చూపేవాణ్ణి. కూరగాయల కొట్లో గుమ్మడికాయను కూడా వదిలేవాణ్ణి కాదు.

ఆ క్రిస్మస్ సెలవుల్లో మునిరత్నం, బాబు అనే ఇద్దరు స్నేహితులతో సముద్రం వెంబడి పాత దొరల ఊళ్ళు చూడ్డానికి బయలుదేరాను. బావ తన కొత్త కెమెరా ఇస్తూ, "ఇది పొయిందంటే నువ్వు గూడా ఆడనే ఉండిపో. ఇంటికి రావద్దు" అన్నాడు. ఆయన వేళాకోళాలాడే మనిషి కాదు. కెమెరా సంచీలోనే కాదు, గొడుగు మీద కూడా చిరునామా రాసుకునే రకం.

సదురంగపట్నంలో డచ్చి కోట, పుదుచ్చేరిలో ఫ్రెంచి వీధులు చూసుకుని, మూడోనాటికి డేనిష్ దొరలు కట్టిన తరంగంబాడి చేరాం. పొద్దు గుంకింది. ప్రతి ఇంటికీ కాగితపు నక్షత్రం వేలాడుతోంది. ప్రతి తలుపూ బార్లా తెరిచి ఉంది. లోపల మాత్రం నరపురుగు లేదు. ఒక ఇంట్లో ఖాళీ ఉయ్యాల దానంతటదే ఊగుతోంది.

"ఊరంతా యాడికి పొయినార్రా?" బాబు గొంతు తగ్గించాడు.

వీధి చివర పెచ్చులూడిన బంగళా. దాని వరండాలో క్రిస్మస్‌కు కట్టే గడ్డి పాక, ఒక లాంతరు. పాకలో మరియమ్మ, ముగ్గురు రాజులు, చెయ్యి చాచిన గొర్రెల కాపరి. అందరూ మనిషంతేసి ఉన్నారు. ముఖాలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

"డేయ్, ఆ కాపరి నన్నే చూస్తా ఉండాడు," అన్నాడు మునిరత్నం.

"మంచి బొమ్మ ఎటు పోతే అటే చూస్తాది. బొమ్మలంగడోణ్ణి, నాకు తెలీదా?"

చేతులు ఖాళీ చేసుకోవడానికి కెమెరా సంచీ కాపరి చేతికి తగిలించాను. నెత్తిన టకటకా మూడు వేశాను.

"కాల్పు చాల్లేదు. లోన డొల్ల. ఇంకా వెచ్చగా ఉండాది, ఎండకు కాగినట్టుంది."

"ఎండ యాడుందిరా? పొద్దు పొయ్యి ఎంతసేపయింది!" అన్నాడు బాబు.

నా వేళ్ళకు అంటిన తెల్లపొడి చూసుకున్నాను. నాలుగోది కొంచెం గట్టిగానే వేశాను. కాపరి ఎడమ కంటి నుంచి ఒక బొట్టు నీరు మెల్లగా జారింది. తెల్లటి చెంప మీద నల్లటి చార గీసుకుంటూ గడ్డం దాకా వచ్చింది.

తర్వాత నాకు తెలిసింది పరుగే. సగం వీధిలో "అయ్యో, బావ కెమెరా!" అంటూ వెనక్కి తిరిగాను. కాపరి వస్తున్నాడు! పెదవులు బిగించి, చప్పుడు లేకుండా, కర్ర ఒక చేత్తో, కెమెరా ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తి వస్తున్నాడు. పిలవడు, అరవడు. బతికుంటే బావ చేత తిట్లయినా తినొచ్చని మళ్ళీ పరుగు లంకించుకున్నాను. అంతలో మబ్బులేని ఆకాశం కింద, మా వీపుల వెనక తళుక్కున మెరుపు మెరిసింది.

"పిడుగురా!" అంటూ బాబు కదులుతున్న బస్సెక్కేశాడు. వెనకే మేమూ దూకాం.

మద్రాసు చేరాక వారం రోజులు అక్క ఇంటి ఛాయలకు పోలేదు. భయం దెయ్యమంటే కాదు, బావంటే. చివరికి కబురొచ్చింది. వెళ్ళాను.

"కెమెరా ఏదిరా?"

"దెయ్యం... దెయ్యం తీసుకునింది బావా."

బావ బీరువాలోంచి కెమెరా తీసి బల్ల మీద పెట్టాడు. పక్కనే పార్సిల్లో వచ్చిన తమిళ ఉత్తరం. చదివి వినిపించాడు.

"అయ్యా, సంచీలో మీ చిరునామా దొరికింది. చర్చిలో ప్రార్థన ముగిసి ఊరివాళ్ళు వచ్చేదాకా కదలకుండా, పలక్కుండా పాకలో నిలబడతామని మొక్కుకున్నాం. చీమ కుట్టినా ఓర్చుకున్నాను. మీ బావమరిది నాలుగో మొట్టికాయకు కన్నీళ్ళాగలేదు. కెమెరా ఇవ్వడానికి కదలక తప్పలేదు. పలకనన్న మొక్కయినా దక్కించుకుందామని నోరు మూసుకుని వెంట పరిగెత్తాను. వాళ్ళకు కనబడాలని కెమెరా సంచీలోంచి బయటికి తీస్తే, పరుగులో ఏదో మీట నొక్కుకుంది, మన్నించండి. నెత్తి మీద బుడిపె తగ్గింది. నా కాల్పు సంగతి సరే, ఆ తమ్ముడి బుర్ర కూడా ఒకసారి కొట్టి చూడండి."

బావ తాను కడిగించిన ఫోటో ఒకటి ముందుకు తోశాడు. చీకటి వీధి, మూడు వీపులు, గాల్లో ఆరు కాళ్ళు. ఆ మెరుపు కెమెరా ఫ్లాషని అప్పుడర్థమైంది.

"ఈడికి రా," అన్నాడు బావ. నా నెత్తిన ఒకటి వేసి, చెవి ఆనించి విన్నాడు. "కాపరి అనుమానం నిజమే. లోన డొల్ల."

ఆనాడే అంగట్లో అగ్గిపుల్ల వెలిగించి, దాని సాక్షిగా ప్రమాణం చేశాను: పలకరించి, కాసేపు ఆగి, బదులు రాదని రూఢి చేసుకోకుండా ఏ బొమ్మ నెత్తినా చెయ్యి వేయను. ఇప్పటికీ మా మట్టి వినాయకుణ్ణి కూడా, "సామీ, కొట్టుకోవచ్చునా?" అని అడిగే కొడతాను. కొనేవాళ్ళు నా భక్తికి మురిసిపోతుంటారు.