నేను ఈ సంఘంలో చెప్పిన అబద్ధ సాక్ష్యం

సహోదరులారా, సహోదరీలారా, నా కుడి చేతికి మూడు వేళ్ళే మిగిలాయని మీ అందరికీ తెలుసు, కానీ పోయిన ఆ రెండు వేళ్ళు ఎలా పోయాయో మీలో ఒక్కరికీ సరిగా తెలియదు, ఎందుకంటే మీకు తెలిసింది నేను చెప్పినదే, నేను చెప్పినదేమో అబద్ధం! ఇదే మైకు పట్టుకుని, ఇక్కడే నిలబడి, కన్నీళ్ళు పెట్టుకుని మరీ చెప్పాను. మీరు హల్లెలూయ అని చప్పట్లు కొట్టారు. ప్రభువు నన్ను వేళ్ళ నొప్పి నుంచి కాదు, ఆ అబద్ధం నుంచి విడిపించాడు, అది చెప్పుకోవడానికే నిలబడ్డాను. ఈరోజు నా గొంతు కొంచెం పెద్దదవుతుంది, పాస్టరు అయ్యగారు కోపగించుకోకూడదు.

మన చిమిండైంగ్ పేట‌లో, బజారు దాటాక నది వైపున్న నూడుల్స్ కార్ఖానాలో పదకొండేళ్ళు పని చేశాను. పిండిముద్దను రెండు ఇనుప రోలర్ల మధ్యకు తోస్తే అవతల పల్చని పట్టీగా వస్తుంది, అదీ నా పని. వేళ్ళు లోపలికి పోకుండా ఆ రోలర్ల మీద జల్లెడలా బెజ్జాలున్న ఇనుప మూత ఒకటి ఉండేది. మూత ఉంటే పిండి మెల్లగా దిగుతోందని, సరుకు తక్కువవుతోందని మేనేజర్ ఒకరోజు దాన్ని విప్పించి పక్కన పడేయించాడు. ఏం బాబూ అని మేమెవరం అడగలేదు. సైన్యం బర్మా గద్దె లాక్కున్న రోజులు, అడిగే రోజులా అవి? వీధుల్లో కుర్రాళ్ళు సైన్యానికి ఎదురు తిరిగి మూడు వేళ్ళు పైకెత్తి ఊరేగుతున్నారు, సాయంత్రమైతే ఇంటింటా గిన్నెలు మోగుతున్నాయి, ఫోన్లు పలకవు, విమానాలు లేవు, విశాఖలో ఉన్న మా మేనత్త బతికుందో లేదో కూడా తెలియదు, ఆ రోజుల్లో పని ఉండటమే గొప్ప అనుకుని నోరు మూసుకున్నాం.

మూత తీసిన మూడో వారం నా చెయ్యి అందులోకి పోయింది. అరిచాను. పక్క మెషీను మీదున్న మా ఖిన్ అని పేరున్న బర్మా ఆవిడ పరుగెత్తుకొచ్చి కరెంటు ఆపింది, లేకపోతే మోచేతి దాకా పోయేది. పెద్దాసుపత్రిలో డాక్టర్లు పని మానేసి జనంతో కలిసిన సమయం, ఒక చిన్న క్లినిక్కులో నర్సమ్మే కుట్లు వేసింది. చెయ్యెత్తి ప్రార్థన చేసుకోవాలన్నా భయమే, మూడు వేళ్ళు పైకి లేస్తే సైనికులు ఏమనుకుంటారోనని కట్టుకున్న తమైన్ లుంగీ మడతలో దాచుకుని వీధిలో నడిచేదాన్ని.

ఇక నా తప్పు వినండి. మన దగ్గర ఆపద తప్పినవాళ్ళు లేచిన మొదటి ఆదివారం సాక్ష్యం చెప్పాలి కదా, ఆ సాక్ష్యానికి ఒక దారి కూడా ఉంది కదా, ముందు నేనే పాపిని అనాలి, తర్వాత ప్రభువు కాపాడాడు అనాలి, ఆ తర్వాత సాయం చేసినవాళ్ళందరికీ వందనాలు చెప్పాలి. నేనూ అదే దారిన పోయాను. "నా మనసు ప్రార్థన మీద లేదు, లోక విషయాల మీద ఉంది, అందుకే నా అజాగ్రత్త వల్ల చెయ్యి పోయింది, మా యజమానులు దేవుడు పంపిన మనుషులు" అన్నాను. ఆ యజమానుల మేనేజర్ మన పేదలకని బియ్యం బస్తాలు తెచ్చి మొదటి వరుసలో కూర్చున్నాడు. అతని గుమస్తా ఫోనులో నా మాటలన్నీ పట్టుకున్నాడు. నాకెంత సంతోషమైందో! పెద్దమనుషులు నా సాక్ష్యం దాచుకుంటున్నారు అనుకున్నాను.

రెండు నెలలకు మా ఖిన్ మా ఇంటికొచ్చింది. కూర్చోలేదు. "అమా," అంది, వాళ్ళ భాషలో అక్కా అని, "నీ చోట ఇప్పుడు నన్ను నిలబెట్టారు. మూత పెట్టండయ్యా అని అడిగాను. 'రూతే గుడిలో ఒప్పుకుంది తప్పు తనదేనని, ఒళ్ళు దగ్గర పెట్టుకుంటే మూత ఎందుకు' అన్నారు. నాకు ఇద్దరు పిల్లలు, అమా. ఒప్పుకునే ముందు నన్ను ఒక్కమాట అడగలేకపోయావా?"

సహోదరులారా, చూశారా! నేను వినయం అనుకుని చెప్పిన మాట ఆమె వేళ్ళ మీదికి వచ్చింది. దేవుడి ముందు తగ్గించుకున్నాననుకున్నాను, నిజానికి మనిషి చేసిన పాపాన్ని మోసుకొచ్చి దేవుడి పీఠం ముందు నా పేరున పెట్టాను.

మర్నాడే కార్మికుల ఆఫీసులో ఫిర్యాదు రాయించాను. అప్పుడు చూడాలి మనవాళ్ళ నోళ్ళు! మీ నోళ్ళే, తల దించుకోకండి. ఆశపోతు అన్నారు. చెయ్యి అడ్డం పెట్టి సొమ్ము గుంజుతోంది అన్నారు. దాని మూలంగా కార్ఖానా మూతపడితే అందరి పొట్టలూ కొట్టినట్టే అన్నారు. విశ్వాసి కోర్టూ కచేరీ ఎక్కకూడదు అని అయ్యగారూ, మీరే అన్నారు. సంచౌంగ్ పేట నుంచి మా పెద్దమ్మ పనిగట్టుకుని వచ్చింది. "ఏటే రూతూ, బయట పిల్లలు తుపాకులకి ఎదురెల్లి సచ్చిపోతన్నారు, నువ్వు రెండు వేళ్ళ కోసం ఆపీసుల సుట్టూ తిరుగుతావేటి? సిగ్గునేదా?" అంది.

"పెద్దమ్మా, పోయిన వేళ్ళ కోసం కాదే, ఉన్న వేళ్ళ కోసమే," అన్నాను. "ఆ మా ఖిన్‌కి ఇంకా పదున్నాయి."

నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఎక్కడంటే, మూత తీసినవాణ్ణి ఒక్కరూ ఏమీ అనలేదు! అడిగినదాన్ని అన్నారు. బియ్యం బస్తా తెచ్చినవాడు దాత, ఇనుప మూత అడిగినది ఆశపోతు. మన లేఖనాల్లో ఏముంది? గొయ్యి తవ్వి కప్పకుండా వదిలినవాడు అందులో పడిన ఎద్దుకు జవాబు చెప్పాలని లేదా? ఎద్దుకే అంత న్యాయం చెప్పిన దేవుడు నా చేతికి చెప్పడా? అజాగ్రత్త, అజాగ్రత్త అంటారు, రోజుకు పది గంటలు నిలబడి చూడండి, ఏ మనిషికి కునుకు రాదు? కునుకు వస్తుందనే కదా మొదట ఆ మూత పెట్టింది!

విచారణ రోజు ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ, ఉద్యోగులు రావడం మానేశారు. ఆఫీసరు ఒక వయసు మళ్ళిన బర్మా ఆవిడ. కంపెనీ లాయరు ఫోను తీసి నా సాక్ష్యం వినిపించాడు. నా ఏడుపు, మీ చప్పట్లు, మన హార్మోనియం, అన్నీ ఆ గదిలో మోగాయి. ప్రతి మాటా బర్మా భాషలో రాసిచ్చాడు. "ఇది మీ గొంతేనా?" అని ఆవిడ అడిగింది. కాదంటే అబద్ధం, అవునంటే కేసు పోయినట్టే, మా ఖిన్ గతి అంతే. అప్పుడు లోపల్లోపల ఇలా ప్రార్థించాను: "ప్రభువా, నీ పేరు చెప్పి అబద్ధమాడాను, నన్ను క్షమించు. నా పరువు పోతే పోనీ. ఆమె చెయ్యి కాపాడు."

అంతే, భయం పోయింది! "అవునమ్మా, నా గొంతే," అన్నాను. "కానీ అబద్ధం. మా గుడిలో లేచి నిలబడితే ముందు తప్పు నాదే అనాలి, అది మా అలవాటు. దేవుడికి చెప్పాల్సిన మాట కంపెనీకి చెప్పాను. మెషీనుకు మూత ఉండేది, వీళ్ళు తీశారు." లాయరు నవ్వాడు. ఆ మెషీనుకు మూతే ఎన్నడూ లేదన్నాడు!

నాతో వచ్చి వెనక కుర్చీలో కూర్చున్న మా ఖిన్ లేచింది. పని పోతుందని తెలుసు, అయినా లేచింది. "మూత ఉంది. కార్ఖానా వంటగది గుమ్మం దగ్గర ట్వంటే మట్టికుండ కింద ఉంది," అంది.

సహోదరులారా, అప్పటిదాకా నాకు తట్టనే లేదు! తాగే నీళ్ళ కుండ కదలకుండా దాని కింద ఒక ఇనుప చట్రం పెట్టారు. మూత తీసినప్పటి నుంచి చెయ్యి పోయేదాకా రోజూ ఆ కుండ దగ్గర వంగి నీళ్ళు తాగాను, దాని వంక చూశాను, అదేమిటో గుర్తుపట్టలేదు. నాలాంటి గుడ్డిది ఉంటుందా!

ఆ ఆఫీసరమ్మను దేవుడు దీవించాలి, వెంటనే గొడుగు తీసుకుని లేచింది. కార్ఖానా రెండు వీధుల దూరమే. కుండ దింపించింది, తుప్పు పట్టిన మూతను మెషీను మీద పెట్టించింది. మూత నాలుగు మరల బెజ్జాలు మెషీను బెజ్జాలు నాలుగింటి మీద సరిగ్గా కూర్చున్నాయి. మేనేజర్ మొహం చూడాలి! మరలు బిగించేదాకా ఆవిడ అక్కడి నుంచి కదల్లేదు, తీస్తే మెషీనుకు సీలు వేస్తానని రాసి సంతకం పెట్టించుకుంది.

నా కేసు ఇంకా తేలలేదు, ఎప్పుడు తేలుతుందో ఈ దేశంలో ఎవరు చెప్పగలరు? నా వేళ్ళు తిరిగి మొలవలేదు. కానీ నేను విడుదల పొందాను, దేవునికే మహిమ! మీలో ఎవరికైనా పనిలో దెబ్బ తగిలి, నా పాపమే అని ఏడుస్తున్నవాళ్ళుంటే, ప్రభువు దగ్గరికి రండి, ఆయన నిజానికి భయపడడు, మీ పాపం మీరు ఒప్పుకోండి, యజమాని పాపం యజమానికే వదిలిపెట్టండి. పెద్దమ్మా, నువ్వు కూడా విను.

ఇంకొక్క మాట. మా ఖిన్ మన మతం మనిషి కాదు, మన భాష రాదు, అయినా నేను పిలిస్తే వచ్చి ఆ చివరి బెంచీలో కూర్చుంది. ఆమె పని పోలేదు, రేపు పొద్దున మళ్ళీ ఆ మెషీను దగ్గరికే వెళ్తుంది. పోయినసారి మీరు నా అబద్ధానికి చప్పట్లు కొట్టారు. ఈసారి వెనక్కి తిరిగి ఆమె చేతులు చూడండి. పది వేళ్ళూ ఉన్నాయి. ఇప్పుడు కొట్టండి.