ఉండిపోయిన

నా చిన్నప్పుడు, మోత్కూరు దగ్గరి మా పల్లెకు కోసెడు దూరంలో ఒక మిషన్ దవాఖాన ఉండేది. అక్కడి ఫ్రెంచి సిస్టరమ్మకు నేను తెలుగు చదివి వినిపించేవాణ్ణి. బదులుగా ఆమె తన భాషలో నాలుగు మాటలు నేర్పేది.

ఒక ఎండాకాలం మా చెల్లెకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. సిస్టరమ్మను పిలుచుకురమ్మని బాపు నన్ను ఉరికించాడు. దారిలో నా ఈడు పిల్లలు గోటీలాడుతున్నారు.

"ఓడిపోతనని ఉరుకుతున్నవారా?" అని ఒకడు నవ్వాడు.

ఒక్క ఆటే అనుకున్నాను. పొద్దు వాలింది. ఇంటికి వచ్చి, "పోయిన బాపూ. సిస్టరమ్మ లేదు" అన్నాను. తెల్లవారేసరికి చెల్లె చనిపోయింది.

మూడో రోజు సిస్టరమ్మ పలకరించడానికి వచ్చింది. బాపు కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

"మా పోరడు వచ్చిన నాడు యాడికి పోయినవమ్మా? నువ్వుంటే నా బిడ్డ బతుకుతుండె."

ఆమె నా వైపు చూసింది. ఆ రోజంతా దవాఖానలోనే ఉన్నానని ఒక్క మాటంటే సరిపోయేది. అనలేదు. నన్ను ఒకసారి వచ్చిపొమ్మని చెప్పి వెళ్ళిపోయింది.

వెళితే తిట్టలేదు. పలక మీద 'రెస్తే' అని తెలుగు అక్షరాలతో రాసింది. ఉండిపోయిన అని దాని అర్థం. తిన్న, చూసిన వంటి మాటలకు ఫ్రెంచిలో 'నాకు ఉంది' అన్నట్టు ఒక మాట జోడిస్తారట. పోవడం, రావడం, చావడం, ఉండిపోవడం వంటి కొన్నింటికి మాత్రం అది కుదరదట. 'అయి ఉన్నాను' అనే మాటే కట్టాలట.

"మీరు 'ఉండిపోయిన' అంటరు, అయిపోతది. మా దాంట్ల అయిపోదు బిడ్డా. 'ఉండిపోయినోడు అయి ఉన్న' అనాలె. గిది నాకు కాదు, మీ బాపుకు చెప్పు."

"కొడతడు."

"కొడతడు," అని ఒప్పుకుంది. "అయినా చెప్పు."

చెప్పలేదు. పంటలయ్యాక చెబుదామనుకున్నాను, తర్వాత పెద్దయ్యాక అనుకున్నాను. బాపు మాట విని మా వాడలో కొందరు జబ్బు పడినా ఆ దవాఖాన గడప తొక్కలేదు. వాళ్ళలో ఎవరికేమైందో నేను అడగలేదు. రెండేళ్ళకు సిస్టరమ్మను వేరే ఊరికి మార్చారు. ఆమె ఎవరికీ నిజం చెప్పకుండానే వెళ్ళింది.

చెల్లె ఊసు వచ్చినప్పుడల్లా బాపు సిస్టరమ్మను తిట్టేవాడు, తాను పోయేదాకా. పక్కనే కూర్చుని వినేవాణ్ణి. ఆ తిట్లన్నీ నావి. ఒక్కటీ మరిచిపోలేదు.